రాత్రివేళ కెమెరా నిలుకడ

మేము మొట్టమొదట రాత్రివేళ తీసిన ఛాయాచిత్రములో గోదావరిపై దీపములు కానరాలేదు, జిలేబీచుట్టలు కానవచ్చినవి. రాజమహేంద్రవరమున పుష్కరఘట్టపు మెట్లపై నిలువబడి, ఊపిరి బిగబట్టి, రెండుచేతులతో కెమెరాను గట్టిగా అదిమి పట్టుకొని, నీటిమీది వెలుగులను పట్టితిమని మురియుచు ఇంటికి వచ్చి పెద్దది చేసి చూచుకొంటిమి. ప్రతి దీపమును తోకగల పురుగైపోయి యుండెను. మా యిల్లాలు తొంగిచూచి, "ఇదేమిటండీ, అన్నీ ఒకేలా వంకర తిరిగాయి?" అని యడిగెను.

ఆ ప్రశ్నయే మాకు మొదటి పాఠము. దీపములు ఎన్ని యున్నను వంకర మాత్రము ఒక్కటే. అది మా చేతి వంకర. దానిని జాగ్రత్తగా చూచినచో మా చేయి ఏ దిక్కునకు ఒరిగినదో, ఎన్నిమార్లు వణకినదో వ్రాసిపెట్టినట్లు తెలియుచుండెను. వైద్యుడు గుండె కొట్టుకొనుటను కాగితముపై గీయించినట్లు, గోదావరి దీపములు మా చేతివణకును గీసి మాకే చూపినవి. ఇరువదియేండ్లకు పైగా సుద్దముక్కతో నల్లబల్లపై తిన్నని గీతలు గీయుచున్న చేయి యిది! దానికి వణకున్నదని అంతకుముందు ఎవరైన చెప్పినయెడల నమ్మియుండము.

కారణము మిక్కిలి సులభము. పగటివేళ కెమెరా ఱెప్ప సెకండులో రెండువందలవవంతో, అయిదువందలవవంతో తెఱచుకొని మూసుకొనును. అంత స్వల్పకాలములో మనిషి వణకు లెక్కకు రాదు. చేతితో పట్టుకొని తీయువారికి పెద్దలు చెప్పిన సూత్ర మొకటి కలదు: లెన్సు ఎన్ని మిల్లీమీటర్లదో సెకండులో అన్నవవంతుకంటె ఎక్కువసేపు ఱెప్పను తెఱచి యుంచరాదు. 50 మిల్లీమీటర్ల లెన్సుకు సెకండులో 50వ వంతు. 200 మిల్లీమీటర్ల దానికి 200వ వంతు. దూరమును దగ్గఱ చేయు లెన్సు మన వణకును కూడ దగ్గఱ చేయును గదా! రాత్రి వీధిదీపముల వెలుతురున, ఎఫ్ 8 వద్ద, ఐఎస్ఓ 100 వద్ద, ఎనిమిది మొదలు పదునాఱు సెకండ్లవఱకు ఱెప్ప తెఱచియుండవలసి వచ్చును. ఐఎస్ఓను 6400కు పెంచినచో పదునాఱు సెకండ్ల పని పావు సెకండులో ముగియును గాని, ఆ పావు సెకండును మన చేతికి ఎక్కువే. పైగా చిత్రమంతయు ఇసుక చల్లినట్లు గరుకుదేఱును. నేటి చేతిఫోనులు ఈ చిక్కును మఱియొక విధమున తప్పించుకొనుచున్నవి. అవి అనేక చిత్రములను వరుసగా తీసి, ఒకదానిపై నొకటి సరిపఱచి, ఒక్క చిత్రముగా కూర్చును. మా విద్యార్థులు ఆ ఫోను చూపి, "మాష్టారూ, మీకీ కష్టమెందుకు?" అని నవ్వుదురు. వారికి చెప్పదగిన సమాధానము మాకు దొఱకినది గాని, దాని కింకను కొంత దూరము పోవలెను.

మొదట మేము శరీరమునే స్తంభముగా చేయ యత్నించితిమి. మోచేతులను ప్రక్కటెముకల కానించుట, వీపును గోడకు చేర్చుట, సగము ఊపిరి విడిచి ఆగిన క్షణమున మీట నొక్కుట - ఇవి యన్నియు మేలు చేయును. ఊపిరిని పూర్తిగా బిగబట్టుట మాత్రము పొరపాటు. బిగబట్టినకొలది గుండె చప్పుడు వ్రేళ్ళలోనికి దిగును. ఈ ఉపాయములవలన సెకండులో పదవవంతు, మిక్కిలి అదృష్టమున్నచో నాలుగవవంతు నిలువగలిగితిమి. అంతకు మించి నరమాత్రుడు నిలువలేడు. భగవద్గీత ఆఱవ అధ్యాయములో యోగి చిత్తమును గాలిలేనిచోటి దీపముతో పోల్చిరి. మేము సంస్కృతము చదువుకొన్న దినములలో ఆ యుపమానము మాకు మిక్కిలి యిష్టము. ఘట్టపు మెట్లమీద మాత్రము దీపములే నిలిచియున్నవి, మేము మిణుకుమిణుకు మనుచుంటిమి.

పిమ్మట బియ్యపుసంచి. దీనిని మించిన సాధనము మధ్యతరగతి గృహస్థునకు లేదని మా నమ్మకము. కిలోన్నర బియ్యమును గుడ్డసంచిలో వదులుగా పోసి మూతి కుట్టి, పిట్టగోడపైనో, కిటికీ గడపపైనో పెట్టి, దానిలో కెమెరాను గూటిలో పిట్టవలె కూర్చుండబెట్టినచో ముప్పది సెకండ్లు కూడ కదలదు. గింజలు కెమెరా అడుగునకు తగినట్లు సర్దుకొనును. సంచి నిండుగా బిగించి కుట్టరాదు, బంతివలె దొర్లును. ఇంటిలో బియ్యము నిండుకొన్న దినమున దానిని విప్పి వండుకొనవచ్చునని మా యిల్లాలు ఈ సాధనమును మెచ్చుకొన్నది. ఒకమాఱు వండినది కూడ.

తరువాత ట్రైపాడు కొంటిమి. మూడుకాళ్ళ దానికి నేల ఎగుడుదిగుడైనను కుంటుతనము రాదు. నాలుగుకాళ్ళ కుర్చీకి వచ్చును. కొన్నమాత్రమున నిలుకడ వచ్చినదనుకొంటిమి. రాలేదు. నడిమి కఱ్ఱను పూర్తిగా పైకెత్తితిమి. అది మూడుకాళ్ళ బలమును విడిచి ఒంటికాలిపై తపస్సు చేయసాగెను. కాళ్ళలో సన్నని కీళ్ళను ముందు సాగదీసితిమి. లావుపాటివి ముందు సాగదీయవలెనని తరువాత తెలిసెను. గాలికి ఊగకుండ నడిమి కొక్కెమునకు పుస్తకముల సంచి తగిలించితిమి. సంచియే గంటవలె ఊగి ట్రైపాడును ఊపెను. సంచి అడుగు నేలకు తగులునట్లు వ్రేలాడదీయవలెనట. ఇంతయు చేసి వ్రేలితో మీట నొక్కితిమి! ఏనుగును కట్టుటకు గొలుసు తెచ్చి పూలదారముతో కట్టినట్లయ్యెను. నొక్కిన రెండు సెకండ్లకుగాని ఱెప్ప తెఱచుకొనని యేర్పాటు చాల కెమెరాలలో ఉన్నది. వ్రేలి తాకిడివలని కంపము ఆలోగా అణగిపోవును. అద్దము గల కెమెరాలలో ఆ అద్దము లేచునపుడు కూడ కంపము పుట్టును. దానిని ముందుగా లేపి యుంచవలెను. చేతివణకును సరిదిద్దుటకై లెన్సులో నుంచిన యంత్రమును ట్రైపాడుపై నున్నపుడు ఆపివేయుట మేలు. లేని వణకును వెదకుచు అది తానే వణకుట కలదు. లేని తప్పును వెదకు పరీక్షాధికారులను చూచిన మాకు ఇది వింతగా తోచలేదు.

ఒకనాటి రాత్రి 1974లో తెఱచిన రోడ్డు-రైలు వంతెనపై ట్రైపాడు నిలిపితిమి. పైన రోడ్డు, క్రింద రైలుమార్గము. ఘట్టముల దీపములు నీటిలో నిలువుగీతలై మిక్కిలి సొంపుగా నుండెను. ముప్పది సెకండ్లకు యంత్రమును సిద్ధము చేసి మీట నొక్కితిమి. పదవ సెకండున క్రింద రైలు వచ్చెను. వంతెనయంతయు సన్నగా మూల్గెను. ఆ చిత్రములో ప్రతి దీపమును రెండుగా వచ్చెను. మా ట్రైపాడు నిలిచియున్నది. అది నిలిచియున్న నేల కదలినది. మఱి కొన్నాళ్ళకు ఒక లంకగ్రామములో నక్షత్రములను తీయబోయినపుడు ఇంతకంటె పెద్ద నేలయే కదలెను. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును. 24 మిల్లీమీటర్ల లెన్సుతో ఇంచుమించు ఇరువది సెకండ్లు దాటినచో చుక్కలు గీతలుగా సాగును. దానికి బియ్యపుసంచి పనికిరాదు.

ఇంతసేపు ఱెప్ప తెఱచియున్నపుడు ఏమి తోచును? బ్రస్సాయి యను ఛాయాగ్రాహకుడు 1930 ప్రాంతముల పారిస్ నగరపు రాత్రులను తీసి, 1933లో వెలువడిన గ్రంథముతో ప్రసిద్ధి కెక్కెను. అతడు కాలమును సిగరెట్లతో కొలిచెడివాడని ప్రతీతి; వెలుతురున్నచోట నొకజాతి సిగరెట్టు, చీకటి హెచ్చైనచోట ఇంకొంత లావుపాటిది. మాకు ఆ యభ్యాసము లేదు, రానీయము. మేము అమరకోశముతో కొలుతుము. మా పఠనవేగమునకు ఒక శ్లోకము ఎనిమిది సెకండ్లు. ముప్పది సెకండ్లవఱకు కెమెరా తానే లెక్కించుకొనునని యెఱుగుదుము. అయినను ఱెప్ప తెఱచుకొనగనే లోలోపల శ్లోకము మొదలగును.

ఆ శ్లోకములు మాకు నేర్పినది మా మేనత్త. ఆమెకు నేర్పినవా రెవరును లేరు. మా తండ్రిగారు చిన్నతనమున వీధియరుగుపై గురువుగారియొద్ద వల్లించుచుండగా, ఆమె తలుపు చాటున బియ్యము చెఱుగుచు విని పట్టుకొన్నది. అన్నగారు మఱచినచోట చేటపై వ్రేళ్ళతో తట్టి అందించెడిదట. 1963లో, పదునెనిమిదవయేట, భర్త పోయి పుట్టింటికి వచ్చినది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఇదే రాజమహేంద్రవరములో 1881 డిసెంబరు 11వ తేదీని మొదటి వితంతువివాహము జరిపించి అప్పటికి ఎనుబదియేండ్లు దాటినది. అట్టి వివాహము చెల్లునని చట్టము వచ్చి నూఱేండ్లు దాటినది. మా యింటిలో ఆ మాట యెత్తినవారు లేరు. ఆమె మమ్ము పెంచినది, మా చెల్లెలిని పెంచినది, చెల్లెలి కూతును కూడ పెంచినది. ఆమె ఛాయాచిత్రము మా యింట ఒక్కటియు లేదు. ఫొటో తీయించుకొన్న ఆయుస్సు తఱుగునని ఆమె చెప్పెడిది. తఱిగిపోవునను భయముగల ఆయుస్సు ఆమెకు ఉన్నట్లు మేమెన్నడును చూడలేదు. చోటిచ్చినవారు లేరనుట నిజము.

గడచిన మాఘమాసమున ఆ మేనకోడలి వివాహము మా గ్రామమున మా పెద్దలనాటి యింటియెదుట జరిగెను. రాత్రి ముహూర్తము. తీసుకొని వచ్చిన ఛాయాగ్రాహకులు నలుగురు. మెఱపుదీపములు, తలపై ఎగురు డ్రోను. మేమును ఊరకుండక వేదిక ప్రక్కన ట్రైపాడు వేసితిమి. వేదిక పలకలది, పురోహితుడు కాలు కదిపిన ప్రతిమాఱును కెమెరా తల యూపుచుండెను. జీలకఱ్ఱబెల్లము వేళ దగ్గఱపడెను. మా మేనత్త, తన చేత నడకలు నేర్చిన పిల్ల పెండ్లి చూతమని, స్త్రీలలో నాలుగవ వరుసకు వచ్చి నిలిచెను. వియ్యాలవారి వైపునుండి ఒకామె మా చెల్లెలివైపు చూచెను. మా చెల్లెలు అత్తవైపు చూచెను. మాట యొక్కటియు పుట్టలేదు. మా మేనత్త చేతిలోని అక్షతలను ప్రక్కనున్న పిల్లచేతిలో పోసి, వెనుకకు తిరిగి, జనములోనుండి మెల్లగా వెడలిపోయెను.

మేము చూచితిమి. ప్రతి యేప్రిలు 16వ తేదీని పాఠశాలలో వీరేశలింగంగారి జయంతినాడు ఉపన్యసించువారము మేమే. పిల్లలు చప్పట్లు కొట్టుదురు. ఆ క్షణమున ట్రైపాడు మర యొకటి వదులైనట్లు మాకు తోచెను. వంగి బిగించితిమి. అది వదులు కాలేదు. మేము తల యెత్తునప్పటికి తలంబ్రాలు మొదలైనవి.

ఆ తరువాత వేదికవద్ద నిలువబుద్ధి పుట్టలేదు. ట్రైపాడును అక్కడనే విడిచి, కెమెరాను బియ్యపుసంచిని తీసుకొని వీధి కావలిప్రక్కకు పోయి, ఎదురింటి పిట్టగోడపై పెట్టితిమి. అచ్చటనుండి పందిరి, రంగుదీపముల తోరణములు, అరుగు, జనము, అంతయు ఒక్క చట్రములో వచ్చెను. ఎఫ్ 16, ఐఎస్ఓ 100, ముప్పది సెకండ్లు. రెండు సెకండ్ల యాలస్యము పెట్టి మీట నొక్కి చేయి తీసితిమి. భోజనములకు పిలుపు వచ్చినది, జనమంతయు లేచెను. పిల్లలు పరుగెత్తిరి. మేము శ్లోకములు చదువుకొనుచు నిలిచితిమి.

మఱునాడు ఆ చిత్రమును పెద్దది చేసి చూచితిమి. పందిరి గుంజలు, మామిడాకులు, అరటిబోదెలు గీసినట్లున్నవి. మనుష్యులు లేరు. వియ్యంకుడు లేడు, మేజువాణి లేదు, మెఱపుదీపములవారు లేరు. అచ్చటచ్చట పొగవంటి చీర యంచులు. ఒకచోట తలలేని కండువా. అరుగు చివఱ, దీపపు వెలుతురు సగము పడుచోట, స్తంభమునకు ఆనుకొని మా మేనత్త కూర్చుండియున్నది. ఒడిలో రెండుచేతులు. ముఖముపై ముడుత ముడుతయు స్పష్టము. మేము ఆమెను తీయలేదు. ఆమె యచ్చట నున్నట్లే మాకు తెలియదు. అంతమంది నడుమ ముప్పది సెకండ్లు కదలక కూర్చుండగలిగినది ఆమె యొక్కతె.

పారిస్‌లో 1838లో డాగేరు తన కిటికీనుండి తీసిన రాజవీధిచిత్రము గుర్తునకు వచ్చినది. పట్టపగలు, బండ్లతోను మనుష్యులతోను నిండిన వీధి యది. నాటి పలకకు కొన్ని నిమిషములపాటు వెలుతురు కావలసి వచ్చుటచే నడచువారందఱు మాయమైరి. ఒకమూల జోళ్ళకు మెఱుగు పెట్టించుకొనుచు నిలిచిన మనుష్యుడు మాత్రము మిగిలెను. ఛాయాచిత్రమున కనబడిన మొదటి మనిషి అతడేనని చెప్పుదురు. అతడు తన పనిమీద తాను నిలిచినాడు. మా మేనత్త నిలుకడ అట్టిది కాదు. అరువదియేండ్లు ఒకమూల కూర్చుండబెట్టి నేర్పించినది. చిత్రము బాగున్నదని సంతోషింపబోయి ఆగిపోతిమి.

మా చెల్లెలికి చూపితిమి. చాలసేపు చూచి, "అన్నయ్యా, ఇది ఆల్బంలో పెట్టకు. వాళ్ళు చూస్తే బాగుండదు," అనెను. కొంతసేపటికి, "నేనేం చెయ్యను చెప్పు, ఆవిడే వెళ్ళిపోయింది," అనెను. మేమేమియు అనలేదు. అనుటకు మాకు యోగ్యత చాలదు. ఆ మరను బిగించినది మా చేయియే. అయినను చిత్రమును తీసివేయలేదు. పెండ్లికూతునకు పంపితిమి.

పదునాఱురోజుల పండుగకు పిల్ల పుట్టింటికి వచ్చినది. వచ్చిన రాత్రియే, "మావయ్యా, మామ్మా నేనూ అదే అరుగు మీద కూర్చుంటాం. అలాగే తియ్యి, ఫ్లాషు వద్దు," అనెను. మా మేనత్త, "నాకెందుకే ఫొటో? పోయాక దండ వెయ్యడానికా?" అని లోపలికి పోబోయెను. పిల్ల చేయి పట్టుకొని ఈడ్చుకొని వచ్చి కూర్చుండబెట్టినది. మా చెల్లెలు గుమ్మములో నిలిచి చూచుచుండెను, వలదనలేదు.

మనుష్యులను ఇంతసేపు తీయుట స్థలములను తీయుటవంటిది కాదు. పూర్వము చిత్రశాలలలో తల కదలకుండ వెనుక ఇనుప కొయ్య నిలిపెడివారు. మేము మా మేనత్త వీపును స్తంభమునకు ఆనించి, పిల్లను ఆమె భుజమునకు ఆనుమంటిమి. అరుగుపై నొక చిన్న దీపము మాత్రముంచితిమి. బియ్యపుసంచిని స్టూలుపై పెట్టి, స్టూలు నాలుగవకాలి క్రింద అట్టముక్క దోపితిమి. ఎనిమిది సెకండ్లు చాలునని చూచుకొంటిమి.

"ఎంతసేపు కదలకూడదురా?" అని మా మేనత్త అడిగెను.

"ఒక్క అమర శ్లోకమంత, అత్తయ్యా."

"అంతేనా," అని ఆమె చీరకొంగు సర్దుకొని, కెమెరావైపు చూచెను. మీట నొక్కితిమి. ఆమె పెదవులు కదలలేదు గాని కంఠము కొంచెము కదలుచుండుట చూచితిమి. మేమును లోలోపల మొదలు పెట్టితిమి. మూడవపాదము వద్ద పిల్ల నవ్వాపుకొనలేక తల యొంచెను. ఱెప్ప మూసుకొన్న చప్పుడయ్యెను.

చిత్రములో పిల్ల ముఖము నవ్వుతో చెదరినది. ఎవరో పోల్చుట కష్టము. మా మేనత్త చక్కగా వచ్చినది. మఱల తీయుదమంటిమి; పిల్ల ఒప్పుకొనలేదు, ఇదే కావలెనన్నది. మా మేనత్త కళ్ళజోడు పెట్టుకొని తెఱమీద తన ముఖమును చాలసేపు చూచుకొన్నది. తన ముఖము సంగతి యేమియు అనలేదు.

"శ్లోకం నేను ముందే పూర్తిచేశాను. నీ కెమెరా వెనకబడిందిరా, అబ్బాయ్," అనెను.

రెండు సెకండ్ల యాలస్యము పెట్టిన సంగతి మేము ఆమెకు చెప్పలేదు.